నేల మోపని కాలు

సిద్దిరాములు రెండు తొడలకూ టేపు చుట్టి చూసి ఇఖ్రా నొసలు చిట్లించింది. చెన్నూరులో కాళ్ళకూ చేతులకూ కసరత్తు నేర్పే ఫిజియోథెరపిస్టు ఆమె.

"కట్టు ఎప్పుడు విప్పిన్రు?"

"బతుకమ్మల ముందట," అంది అతని భార్య నవనీత.

"ఎముక మంచిగ అతికింది. కండే కరిగిపోయింది. నడవలేదా భయ్యా?"

"మా ఆమె అడుగు కింద పెట్టనిస్తేనా! మంచం మీదికే కంచం, రోజిడిచి రోజు మేకకాళ్ల శేర్వ. గంత తిన్నా గీ కాలు కందికట్టె లెక్కనే అయింది."

నవనీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తిండొక్కటే చాలదు," అంది ఇఖ్రా. "కండలల్ల జన్యువులుంటయి. కాలు పనిచేస్తే కండను కట్టేటివి మేల్కొని ఉంటయి. ఊకె పండవెడితే అవి మందగిస్తయి, కరగదీసేటివి లేస్తయి."

"మేస్త్రి పండుకుంటే కూలగొట్టేటోడు దిగినట్టు," అన్నాడు దుబాయిలో గోడలు కట్టే సిద్దిరాములు.

"గంతే. నడిస్తే మేస్త్రి మల్ల లేస్తడు. జర టైం పడతది, ఫికర్ చెయ్యకు."

బయట ఆటో కోసం అరుగు మీద కూర్చున్నారు. నవనీత ఆ సన్నని కాలు వంక చూడలేక చూసింది.

"నీ కాలు నేనే తిన్న," అంది.

"ఏందే?"

"కట్టు విప్పిన నాడు డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, రేపటి సంది నడిపియ్యుమన్నడు. నేను నీకు ఉల్టా చెప్పిన. ఆర్నెల్లు దాటితే వీసా పోతదంటివి గద. పోతే పోనీ, నువ్వు ఇంటికాడ ఉంటవనుకున్న. పోయినసారి నువ్వొస్తే బిడ్డ నిన్ను జూసి తలుపెనుక దాసుకున్నది, యాదికుందా? గని కండ గిట్ల కరుగుతదని నాకెరుక లేదు. తిట్టు, కొట్టు, ఏమన్న అను."

వీసా గడువు మొన్ననే దాటింది.

సిద్దిరాములు అరచేత్తో పిక్కను తడుముకున్నాడు. ఆమె తల వంచుకుని, పడబోయే మాట కోసం కాచుకుంది.

అతను కూడా ఆమె ముఖం చూడలేకపోయాడు.

"నడువుమని డాక్టర్ నాకు గూడ చెప్పిండే."