శనివారం లాటిన్

“టోపీ సంగతి సరే, తల యాడ?” కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగారు పరంధామయ్య.

శ్రీప్రియ ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది. నాలుగు వందల ఏళ్ళనాటి కవితా సంపుటం. పొడవాటి ఇంగ్లీషు కవిత ముగిసిన చోట, పేజీ అడుగున మిగిలిన జాగాలో రెండే రెండు లాటిన్ పాదాలు ఇరుక్కుని ఉన్నాయి.

“చివరి మాట సార్. కాపుట్, అంటే తల.”

“అదీ! కడసీ దాకా దాచిపెట్టినాడు చూడు, దొంగ. తెలుగులో చెప్పు.”

“మిత్రమా, వీధిలో నీ కొత్త టోపీకి ఎన్ని నమస్కారాలు! ఒక్కటీ అందనిది, పాపం, నీ తలకే.”

కుర్చీ కిర్రుమనేలా నవ్వారాయన. ఆ నవ్వు కోసమే శ్రీప్రియ వారమంతా పాత సంపుటాల పేజీలు తిరగేస్తుంది.

పరిశోధన మొదట్లో ఇలాంటి చిట్టి పద్యం ఒకటి అనుకోకుండా కంటబడింది. లాటిన్ తెలిసినవారి కోసం ఊరంతా వాకబు చేస్తే, తొండియార్‌పేటలో మేడమీద గదిలో ఉంటున్న ఈ రిటైరైన ఇంగ్లీషు మాస్టారు దొరికారు. భార్య పోయింది. చుట్టూ పుస్తకాలే. అప్పట్నించీ ప్రతి శనివారం వస్తోంది.

సిద్ధాంత గ్రంథం సమర్పించి ఏడాది దాటింది. ఆ మాట ఆయనతో అనలేకపోయింది. చెబితే రావడానికి కారణం ఉండదు. తను రాకపోతే ఈ పెద్దాయన ఎవరితో మాట్లాడతారు?

“నీ పరిశోధన యాడదాకా వచ్చిందిమ్మా?”

“ఇంకా చాలా ఉంది సార్.”

“మెల్లగా కానీ. తొందరేముంది?” ముఖం తుడుచుకున్నారు. చొక్కా చెమటకు తడిసి ఉంది.

“ఈ ఎండలో బయటికెందుకు వెళ్ళారు?”

“ఊరికే, అట్లా.” కింద ఇంటావిడ పంపిన ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఇచ్చారు. “వచ్చే శనివారం వస్తావు గదా?”

ఎప్పుడూ అడిగే మాటే. పాపం, ఎంత ఒంటరితనం!

“తప్పకుండా వస్తాను సార్.”

ఆ వారం హాస్టలు గదిలో కూర్చుని, ఎవరివో వ్యాసాలు దిద్దే ఉద్యోగం చేసుకుంటూ, మధ్యమధ్య పద్యం కోసం వెతికింది. ఆ వారం ఆమె నోరు విప్పి పలికింది దాదాపు ఒక్కటే మాట. మెస్సులో వడ్డించే ఆవిడతో, తమిళంలో, “పోదుం అక్కా.” చాలు అని. అత్తరు పూసుకునే వైద్యుడి మీద పద్యం దొరికినప్పుడు మాత్రం గదిలో తనొక్కతే పైకి నవ్వేసింది. మాస్టారు దీనికి ఎలా నవ్వుతారో ఊహించుకుంది.

శనివారం మెట్లెక్కేసరికి తలుపుకు తాళం.

ఆయన తలుపు తీయకపోవడం ఇదే మొదలు. గబగబా కిందికి దిగింది. ఇంటావిడ పుష్పవల్లి వాకిట్లో బియ్యం ఏరుతోంది.

“మాస్టారు... బాగున్నారా అమ్మా?”

“జ్వరమమ్మా. భయపడొద్దు. బస్సు ఎక్కనీలేదని, నువ్వొస్తే చెప్పమని ఆయన అల్లుడు ఫోన్ చేసినాడు.”

“బస్సేంటి? ఎక్కడున్నారు?”

“అంబత్తూరులో, కూతురింట్లో. పోయిన సంవత్సరమే పిలుచుకోని పొయ్యింది గదా. ఆడ మనవలు, మనవరాండ్లు, ఇల్లంతా ఒకటే గోల. నీకు చెప్పలా?”

శ్రీప్రియ మెట్టు మీద కూలబడింది. అంబత్తూరు నుంచి రెండు బస్సులు మారాలి.

“మరి శనివారాలు... పుస్తకాల కోసమా?”

“పుస్తకాలా? నువ్వు పొయినాక తాళమేసి నిలవకుండా పొయ్యే మనిషి!”

“మరి నా పరిశోధన పనికోసమేనేమో. ఇంకా ఉందని నేనే...”

“అది ముగిసిపొయిందని ఆయనకు ఎప్పుడో తెలుసు. నీ కాలేజీలో ఎవురో చెప్పినారంట.”

“తెలిసీ ఎందుకొస్తున్నారమ్మా?”

పుష్పవల్లి చేట పక్కన పెట్టింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది.

“నేను పోకుంటే ఆ బిడ్డకు మాట్లాడేదానికి ఎవురుండారు అంటాడమ్మా.”