బల్లకెక్కిన కుర్చీ

జావా సాఫ్ట్‌వేర్ ఎక్కించడం పూర్తయిన కంప్యూటర్ ముందు కుర్చీని తిరగేసి బల్ల మీద పెట్టేయడం అన్న నేర్పిన అలవాటు. చేసిందే మళ్లీ చేయకుండా అదొక గుర్తు. అన్న చనిపోయాక కాలేజీ ల్యాబుల పనంతా తమ్ముడి నెత్తిన పడింది.

ఆ రాత్రి ల్యాబులో ఒక్కడే ఉన్నాడు. విండోస్ కంప్యూటర్ల వరసతో పేచీ లేదు, 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోవడమే. ఆ కుర్చీలన్నీ బల్లలకెక్కించి, ఆవలిస్తూ లినక్స్ వరసలో కూర్చున్నాడు. నల్లటి తెర మీద కమాండ్ కొట్టాడు. పని ఎంతయిందో చూపే గీత నెమ్మదిగా నిండుతుంటే తలెత్తి చూశాడు.

అదే వరస చివర, గోడ పక్కన, ఒక కుర్చీ అప్పటికే బల్ల మీద ఉంది.

లేచి వెళ్లాడు. జావా వెర్షన్ అడిగితే మెషీన్ ఠక్కున చెప్పింది, అప్పటికే ఎక్కి ఉంది. సాయంత్రం తనే అన్నీ చెరిపి కొత్తగా లినక్స్ వేశాడు. ఎప్పుడూ పెట్టే అన్న పాత పాస్‌వర్డే దీనికీ పెట్టాడు, అది కొట్టనిదే అందులో ఏదీ ఎక్కదు. ఆ పాస్‌వర్డ్ తెలిసింది తనకూ, అన్నకూ మాత్రమే.

వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. "తాతా, లోపలికెవరైనా వచ్చారా?"

"తాళాలు నా దగ్గరే ఉన్నాయి కదయ్యా. నువ్వు తప్ప పురుగు కూడా లేదు." తాత ఫోన్లోనే ఆవలించాడు. "అదిగో, ఇంకో కుర్చీ ఎత్తావుగా. ఇక్కడికి వినబడింది."

తమ్ముడు ఫోన్ చెవి నుంచి తీయకుండానే మెల్లగా వెనక్కి తిరిగాడు.

ఇందాక తను కూర్చున్న కుర్చీ తలకిందులుగా బల్ల మీద ఉంది. దాని వెనక తెర మీద గీత ఇంకా సగమే నిండింది.

పని పూర్తి కాకుండా అన్న ఏనాడూ కుర్చీ ఎత్తలేదు.