ఇసుక ఓట్లు

ఎర్రకొండ అడవిలో పెద్దను ఎన్నుకునే పద్ధతి ఒకటుంది. ఓటు వేసేవాళ్ళు మోయగలిగిన రాయో మట్టిగడ్డో తెచ్చి, నచ్చినవాళ్ళ ముందు పడేయాలి. ఎవరి ముందు కుప్ప పెద్దదైతే వాళ్ళే గెలిచినట్టు.

ఈసారి ఏనుగు పార్టీకీ ఎలుగుబంటి పార్టీకీ పోటీ. ఏనుగు కొత్త చెరువు తవ్విస్తానంది. ఎలుగుబంటి ఇంటింటికీ తేనె పంచుతానంది.

"చీమల్ని ఓటడిగారా?" అంది కుందేలు.

"వాటి ఓటు కంటికి ఆనుతుందా?" అని ఎలుగుబంటి నవ్వింది. ఏనుగూ నవ్వింది. ఎన్నికల్లో అవి రెండూ ఏకమైంది ఆ ఒక్క మాట దగ్గరే.

పోలింగ్ రోజు చీమలు వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక ఇసుక రేణువు మోసుకొచ్చి, రెండు కుప్పల నడుమ పెట్టి పోతోంది. వాటి బారు ఎక్కడ మొదలైందో ఎవరికీ కనిపించలేదు. మధ్యాహ్నానికి ఆ ఇసుక ఎలుగుబంటి తల దాటింది. పొద్దు వాలేసరికి ఏనుగు కళ్ళకు అడ్డం వచ్చింది.

"మీరు నిలబెట్టింది ఎవర్ని తల్లీ?" అని ఏనుగు మెల్లగా అడిగింది.

"ఇంకా ఎవర్నీ అనుకోలేదయ్యా" అంది చివరి చీమ. "ముందు మేమున్నామని చెబుదామని వచ్చాం."

ఇంటికి పోతూ ఏనుగు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నేల చూసుకుంటూ అడుగేసింది.