కుట్టని ఈగలు

"ఇవాళెన్ని?" వసారా మెట్టు మీద కూర్చుని అడిగాడు దర్జీ.

భార్య వంగి చూసింది. మూడు చెక్కపెట్టెల్లో మొదటిదాని ముందు ఈగలు నల్లనువ్వులు ఒలికినట్టు చచ్చి పడి ఉన్నాయి.

"గుప్పెడున్నాయండీ."

"చీమలా?"

"చీమలైతే ఎత్తుకుపోయేవిగా."

అవి కుట్టని తేనెటీగలు. ముల్లుండదు, ఎవరి జోలికీ పోవు. 'ఈ ఇంట్లో కుట్టడం నా ఒక్కడి పనే' అన్నది దర్జీ పాత జోకు. ఇప్పుడా పనీ లేదు. శుక్లాలు ముదిరి, సూదిలోకి దారం ఎక్కడం లేదు. ఈ నెలలో ఆపరేషన్ చేయించకపోతే చూపు దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. దర్జీ వింటేనా! పొద్దున్నే ఈ తేనె చుక్క కంట్లో వేసుకుంటే చాలంటాడు. భార్య బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు మరి!

"మందు వాసనొస్తోందే," అన్నాడు దర్జీ.

"గాలి మొక్కల కొట్టు వైపు నుంచి వస్తోంది. ఇక ఆ తేనె ముట్టుకోకండి, విషం తగిలుంటుంది."

అంతే. గోడ తడుముకుంటూ పోయి, పక్కింటి మొక్కల కొట్టతని మీద విరుచుకుపడ్డాడు.

"నా ఈగల ఉసురు నీకు తగలకపోదురా!"

"నా పిల్లల మీద ఒట్టు బాబాయ్! వేపనూనె తప్ప నేనేం కొట్టను."

"ఛీ, నీ బతుకు చెడ!"

ఆ వారంలోనే రెండో పెట్టె పోయింది. దర్జీ మూడోదాన్ని తెచ్చి మంచం పక్కనే పెట్టుకున్నాడు. మూడు రోజులకి అదీ మూగబోయింది. పెట్టెకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఒక్కటి కూడా లేదా?"

"లేదండీ."

కూలుతున్న గోడ కన్నంలోంచి ఆ ఈగల్ని తెచ్చి, పెట్టెల్లో పెట్టి పెంచింది ఆమే. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దర్జీకి తన దుఃఖం కన్నా ఆమె ఏడుపే భరించలేనిదయింది. చెయ్యి చాపి భుజం వెతుక్కున్నాడు.

"ఊరుకోవే. ఎవడి పాపం వాడే అనుభవిస్తాడు."

"అనుభవిస్తారు లెండి."

"ఇక నాకు వేరే దిక్కేముంది? పద, ఆ ఆసుపత్రికే పోదాం. ఆ కోసేదేదో కోయించుకుంటాను."

ఆమె కళ్లు తుడుచుకుని ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది. ఆయన గుండీలు తడుముకుంటూ పెట్టుకుంటున్నాడు.

ఆమె గుడ్డపీలికల మూటలోంచి పురుగుమందు డబ్బా తీసి మురిక్కాలవలోకి విసిరేసింది.