నాన్నని నువ్వు అనడం

ఉదయం పదకొండు గంటలకు, ఫ్రెంచ్ మౌఖిక పరీక్షలో, రెండో ఏడాది విద్యార్థిని కుర్చీ అంచున కూర్చుంది. ఈసారి తప్పితే కాలేజీ మాన్పిస్తానని తండ్రి చెప్పి పంపాడు.

"ఇప్పుడు నేను మీ నాన్నని. మీసాల్లేవని చూడకు," అంది పరీక్ష పెడుతున్న మేడమ్. "క్లాసు వాళ్ళతో టూరుకెళ్తానని నన్ను అడుగు. ఫ్రెంచ్‌లోనే."

అమ్మాయి అడిగింది.

"ఆగమ్మా. 'వూ' అన్నావు. అంటే మీరు. ఫ్రెంచ్ వాళ్ళు కన్నతండ్రిని అలా అనరు. పరాయివాణ్ణి పిలిచినట్టుంటుంది. 'త్యు' అనాలి. నువ్వు అని."

"నాన్నగారినా మేడమ్?"

"ఫ్రెంచ్ నాన్నని. కొట్టడులే."

మేడమ్ నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ 'వూ' అనే వచ్చింది.

"ఇంకోసారి అదే అంటే నేనేం చెయ్యలేను. టూరు సంగతి వదిలెయ్. మీ నాన్న ఎదురుగా ఉన్నాడనుకుని, త్యుతో ఏదో ఒక్క వాక్యం చెప్పు."

అమ్మాయి తల వంచుకుని ఫ్రెంచ్‌లో అంది: "నాన్నా, నువ్వంటే నాకు భయం."

మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"ఈ మాట ఇంట్లో ఎప్పుడైనా అన్నావా?"

"ఇంట్లో మీరు అంటాం కదా మేడమ్. మీరు అన్నాక ఇంక ఆ మాట నోరు దాటదు."

మేడమ్ లేచి గది తలుపు మూసి వచ్చింది. పాస్ మార్కులు వేసింది. తర్వాతి విద్యార్థిని వెంటనే పిలవలేదు.