అడగరాని మాట

"నా బిడ్డను పట్టుకుని 'సచ్చిపోవల్లని ఉండాదా' అని అడిగినోడు ఎవడప్పా?"

కడప కాలేజీలో స్వర్ణలత మేడమ్ విద్యార్థి కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తోంది. చచ్చిపోవాలనుకునే తోటి పిల్లల్ని ఎలా పసిగట్టాలి, ఎలా ఆపాలి, అదీ పాఠం. మైదుకూరు బట్టల కొట్టు రామకోటయ్య, అదే కాలేజీలో చదివే కూతురు శ్రీవాసవిని చెయ్యి పట్టి లాక్కుంటూ గదిలోకి దూసుకొచ్చాడు.

వెనక బెంచీలో యేసుప్రసాద్ లేచి నిలబడ్డాడు. "నేనే సార్."

"ఎందుకడిగినావ్?"

"అది నేను చెప్పకూడదు సార్."

"చూసినారా మేడమ్? హాస్టల్లో పక్క గది పిల్ల చెప్పబట్టి నాకు తెలిసె. బంగారట్ల చదువుకునే పిల్లకు లేని ఆలోచన ఎక్కిస్తాండాడు. ఈ పొద్దే వీణ్ని తీసేయల్ల!"

"అట్ల అడగమని నేర్పింది నేనన్నా. తీసేయిస్తే నన్ను తీసేయించు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. లోపలుంటే బయటికొస్తాది."

"సక్కంగా ఉండే ఇంట్లో ఈ సావు మాటలేంది?"

మన దగ్గర చావు అనే మాట ఇంట్లోకి రాకూడదు. చావు మాత్రం చెప్పకుండా వచ్చేస్తుంది.

స్వర్ణలత యేసుప్రసాద్‌ను ఉండమని, మిగతా పిల్లల్ని బయటికి పంపి తలుపు మూసింది. "నీ బిడ్డే గదా. నువ్వే అడుగు."

"అడుగుతా. నాకేం బయమా?" రామకోటయ్య కూతురి వైపు తిరిగాడు. "అమ్మా... నీకేమన్నా... అట్లాంటి..."

"తిప్పి తిప్పి అడగొద్దన్నా. ఆ మాట అను."

కండువాతో మొహం తుడుచుకున్నాడు. పొద్దస్తమానం చీరల బేరాలాడే నోరు సొంత కూతురి ముందు ఎండిపోయింది. చివరికి ఎట్లనో అన్నాడు.

"నీకు... సచ్చిపోవల్లని ఉండాదామ్మా?"

"లేదు నాన్నా."

"ఇన్నారా! లేదంట!" గెలిచినట్టు బల్ల మీద చరిచాడు. "ఇప్పుడేమంటారు మేడమ్?"

శ్రీవాసవి యేసుప్రసాద్‌కు రెండు చేతులూ జోడించింది. కళ్ళనిండా నీళ్ళు, మొహంలో నవ్వు. తర్వాత తండ్రి భుజం మీద తల వాల్చింది.

"ఈ పొద్దు లేదు నాన్నా. యేసుప్రసాద్ నన్ను వదలకుండా డాక్టరమ్మ కాడికి పిల్చుకపోబట్టి లేదు. ఆయన అడిగిన పొద్దు... ఉండె."