తొలిపూట క్యారియర్

“కొట్టెయ్ ఆ పేరు!” అంది కుముదిని, లాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి.

శ్రీలేఖ ముఖం చిన్నబోయింది. పెళ్లై ఏడు వారాలు, కువైట్ వచ్చి ఐదు. ఫహాహీల్ తెలుగు మహిళా మండలి తనను నమ్మి అప్పగించిన మొదటి పని, సావనీరుకు మండలి చరిత్ర రాయడం. మురిసిపోతూ రెండు పేజీలు రాసింది. “స్థాపకురాలు: కుముదిని” అన్న ఒక్క ముక్క దగ్గరే చిక్కొచ్చి పడింది.

“ఇరవై ఏడేళ్లుగా మీరే కదా ఆంటీ నడుపుతున్నారు?”

“నడపడం వేరు, పుట్టించడం వేరు. నేను కాపురానికొచ్చిన రెండో రోజే మీ అంకుల్‌ని చమురు బావుల దగ్గరికి డ్యూటీకి పంపేశారు. నాకేమో స్టవ్ వెలిగించడం కూడా రాదు. ఆకలేస్తోంది, భయమేస్తోంది, కూర్చుని ఏడుస్తున్నాను. తలుపు చప్పుడైంది. బుర్ఖాలో ఒకావిడ. నా చేతిలో క్యారియర్ పెట్టేసి, మారుమాట లేకుండా వెళ్లిపోయింది. వేడివేడి అన్నం, గోంగూర పప్పు! నాలుగు గిన్నెలూ నాకి పెట్టాననుకో.”

“తర్వాత?”

“తర్వాతేముంది! వారం తిరక్కుండా ఎదురింట్లో ఇంకో కొత్త పెళ్లికూతురు దిగింది. అదే క్యారియర్‌లో వండి పట్టుకెళ్లాను. అదేనమ్మా మన మండలి.”

ఆ ఆచారం ఇప్పటికీ ఉంది. ఊరికి కొత్తగా ఏ తెలుగు ఇల్లాలు వచ్చినా తొలిపూట పొయ్యి వెలిగించనివ్వరు. శ్రీలేఖ కూడా పెట్టెలు విప్పకముందే ఆ క్యారియర్‌లో ముద్దపప్పు తింది. రక్తదానాలు, అరబీ రాని గర్భిణులకు ఆస్పత్రిలో తోడు, నివాస అనుమతి కార్డు, అదే ఇఖామా, పోగొట్టుకున్న పనమ్మాయిని ఇంటికి చేర్చడం, అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

“ఆవిడ పేరు దొరికితే రాయి. లేకపోతే ఆ చరిత్ర పేజీయే వద్దు. ఐదింటికల్లా ప్రెస్సుకు వెళ్లాలి,” అని తేల్చేసింది కుముదిని.

క్యారియర్ మూత మీద ‘రహీమ్, రాయచోటి’ అని చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. ఆ రోజుల్లో కుముదిని బిల్డింగంతా వెతికిందట, అప్పటికే వాళ్లు గది ఖాళీ చేసేశారట. శ్రీలేఖ ఊరుకుంటుందా? మూతను ఫొటో తీసి రాయచోటి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టించింది. ఇరవై నిమిషాలకే వాయిస్ మెసేజ్‌లో ఒక మగ గొంతు వినపడింది.

“ఆ క్యారేజీ నాదే! అబ్బాసియాలో టైలర్ రహీమ్ అని అడగండి, ఎవురైనా సూపిస్తారు.”

“ఇలాంటి సంగతి ఫోన్‌లో అడిగేది కాదు, వెళ్లి రా. ఆస్పత్రిలో ఒక బాలింత దగ్గర ఈ పూట వంతు నాది. సాయంత్రం నేనూ వెళ్తాను,” అంటూ కుముదిని క్యారియర్‌ను కళ్లకద్దుకుని మరీ ఇచ్చింది.

శ్రీవత్స కారు తీశాడు. ఎర్ర దీపం పడ్డ ప్రతిచోటా భర్త తన చెయ్యి పట్టుకుంటుంటే, దారిలో ఇంకో నాలుగు సిగ్నళ్లుంటే ఎంత బాగుండునో అనిపించింది శ్రీలేఖకు.

రహీమ్ క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని, మూత మీది పేరు తడిమి, భార్యను చూసి పగలబడి నవ్వాడు.

“సూడు బుడేనీ! నీ తప్పుకు సాక్ష్యం ఇంటికే నడిచొచ్చె!”

“తప్పా?” అంది శ్రీలేఖ.

“తప్పు గాక? ఈమె అప్పుడు కువైటోళ్ల ఇంట్లో వంటకుండె. మామాను, అదే ఆ ఇంటి యజమానురాల్ని, బతిమాలుకోని శుక్రారం రెండు గంటలు సెలవు తీసుకోని, నాకు వండుకొచ్చేది. నా రూము మూడో అంతస్తులో. ఈ ఊర్లో కిందిదానికీ మొదటిదానికీ నడుమ మెజనైన్ అని ఒకటి సస్తాది గదా, దాన్నీ లెక్కలో ఏసుకోని రెండో అంతస్తులోనే తలుపు కొట్టె! ఎవురో పిల్ల తలుపు తీసి క్యారేజీ అందుకునెనంట. తిరిగియ్యమని అడిగేకి ఈమెకు సిగ్గంట. వట్టి చేతులూపుకుంటా నా కాడికొచ్చె. ఆ పొద్దు నాకు ఎండిన కుబ్బూసు రొట్టే గతి!”

“లెక్క తప్పిందిలేబ్బా, ఖలాస్! ఎన్నేండ్లు చెప్తావ్?” అంది బుడేన్‌బీ, టీ గ్లాసులు అందిస్తూ.

“సచ్చేదాకా చెప్తా! రాసుకో పాపా, తప్పు తలుపు కొట్టి సంఘం పెట్టిన బుడేన్‌బీ అని. నా పస్తు మాత్రం మరిచిపోవద్దు.”

శ్రీలేఖ నవ్వింది గానీ మనసు ఒప్పలేదు. ఇంతమంది కడుపు నింపిన మండలి, అంతస్తుల లెక్క తప్పి పుట్టిందా? స్థాపకురాలని రాస్తే అబద్ధం. రాయకపోతే పేజీయే లేదు. గంట నాలుగు దాటింది. శ్రీవత్స కారు తేవడానికి ముందుగా కిందికి దిగాడు.

లిఫ్టు దాకా సాగనంపడానికి బుడేన్‌బీ ఒక్కతే వచ్చింది.

“పోనీలెండమ్మా, పొరపాటున జరిగినా మంచే జరిగింది. మీ పేరే రాస్తాను,” అంది శ్రీలేఖ, తనకు తానే సర్దిచెప్పుకుంటున్నట్టు.

బుడేన్‌బీ ఒకసారి వెనక్కి తిరిగి ఇంటి తలుపుకేసి చూసింది. గొంతు తగ్గించింది.

“పుస్తకంలో తప్పు తలుపనే రాయి పాపా, మా ఇంటాయన సదువుతాడు. అప్పటికే యాడాదిగా ఎక్కి దిగే మెట్లు, నాకు లెక్క తెలీదా? లోపల ఆడబిడ్డ ఏడ్చేది ఇనపడె, నిలబడి తలుపు కొట్టినా.”